రాజుగారి పడవ తాడు

ఒట్టేసి చెబుతున్నా, మీరు నమ్మరు. నమ్మే మొహాలు కావు మీవి. అయినా వినండి.

గోదారి పక్కన ఒకప్పుడో రాజ్యం ఉండేది. అక్కడో ఆచారం. ఏ మగాడైనా ఓ ఇంటి రేవులో పడవ కట్టాడా, ఆ ఇంటి పిల్లని అడిగినట్టే.

రాజు పేరు ఉద్దండరాయుడు. సభలోకి మీసాల కొసలు ముందొచ్చేవి, ఆయన తరవాతొచ్చేవాడు. అంతటోడూ రోజూ సాయంత్రం వరాలమ్మ ఇంటి రేవుకి వెళ్ళేవాడు. పూలతోటలు పెంచే పిల్ల. అరుగు మీద దీపం పెట్టుకుని ఎదురుచూసేది. ఈయన పడవని గెడతో ఆపించి, ఆ దీపాన్నే చూసి చూసి, తాడు వెయ్యకుండా తిరిగొచ్చేసేవాడు. ఆ గెడ పట్టింది మా ముత్తాతే! రాజుగారి నిట్టూర్పులకి తెరచాప దానంతటదే నిండేదట.

ఓ రోజు రాజు సభలో తన పద్యం చదివాడు.

"గట్టుదాకా వస్తుంది పడవ,
గట్టుని ముట్టుకోదు.
దీపమా, నువ్వు పిలుస్తూనే ఉంటావు,
తాడు పట్టిన చెయ్యి వణుకుతూనే ఉంటుంది."

"ఆహా!" అన్నాడు ఆస్థాన పండితుడు. "పడవ జీవుడు, దీపం దేవుడు, తాడు సంసారం!"

రాజు మీసం దువ్వాడు.

మాటకారి గవరయ్య లేచాడు. "కాదు ప్రభూ. పడవ తమరు. దీపం ఓ పిల్ల. తాడు పెళ్ళి. ఆ వణుకు భయం."

"భయమా? నాకా? రుజువు చెయ్యి, లేదా ఊరొదిలిపో!"

"చిత్తం. అన్నట్టు ఓ కబురు. వరాలమ్మ రేవులో పొద్దున్నించీ ఎవరిదో పడవ కట్టేసుంది."

రాజు ఎగిరి లేచాడు. కిరీటం దొర్లి పండితుడి ఒళ్ళో పడింది. "ఎవడాడు? నా పడవ తియ్యండి!"

"దేవుడి దీపానికి ఇంత కంగారేంటి ప్రభూ?"

రాజు కూలబడ్డాడు. "ఆ దీపం చూడకపోతే నాకు పొద్దు గుంకదురా గవరయ్యా. దూరం నించి ఆ పిల్లకి రోజూ నచ్చేవాణ్ణి. దగ్గరికెళ్ళాక నచ్చకపోతే?" కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరిదిరా ఆ పడవ?"

"తమదే. నేనే కట్టొచ్చా. విప్పమని తమ నోటితో చెప్పండి, ఇప్పుడే విప్పేస్తా."

రాజు నోరు తెరిచాడు. గబుక్కున మూసేసి, గవరయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నేను వదులు ముడే వేశా ప్రభూ. ఆవిడొచ్చి చూసింది. దాని మీద ఇంకో ముడి బిగించి వేసింది."

అప్పుడు నవ్వాడు చూడండి రాజు, అవతలి గట్టు మీద కొంగలన్నీ లేచిపోయాయి! మెళ్ళో హారం తీసి గవరయ్య మెళ్ళో వేసి, కిరీటం పండితుడి ఒళ్ళోనే వదిలేసి, రేవుకేసి పరిగెత్తాడు.

అబద్ధమంటారా? ఆ రేవుకెళ్ళి వరాలమ్మ వేసిన ముడి విప్పుకు రండి. అప్పుడు ఒప్పుకుంటా!