చందన కొట్టిన లాంగ్ బెల్లు

మార్తమ్మ టీచరును ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. చేతిలో ఉన్న పని పూర్తి చేస్తుంది, వేళ్లకంటిన చాక్‌పీసు పొడి దులుపుకుంటుంది, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటుంది. ఈలోగా అడిగినవాళ్లకు తమ ప్రశ్న మీద తమకే విసుగు పుడుతుంది. ఆమె దగ్గర పని నేర్చుకుని వేరే ఊళ్లకు బదిలీ అయిన టీచర్లు ఈ అలవాటును తలుచుకుని నవ్వుకుంటారు. హిమబిందు మాత్రం నవ్వదు. "పసిపిల్లకు ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం ఎలా మేడం?" అని ఆమె ఒకసారి అడిగింది. దానికి దొరికిన జవాబు అలాంటిది.

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. బండకాడపల్లె రాయచోటి నుంచి లోపలికి పోయే దారిలో చిన్న ఊరు. అక్కడి బడికి ఇద్దరే టీచర్లు. మార్తమ్మ జుట్టు ఆ బడిలోనే నెరిసింది. హిమబిందు అప్పుడే కొత్తగా చేరింది, మొదటి ఉద్యోగం. బడి తెరవడానికి ముందు రోజు తల్లిదండ్రులను పిలిపించి మాట్లాడాలని ఆమె పట్టుబట్టింది. సరే మాట్లాడమని మార్తమ్మ వెనక బల్ల మీద కూర్చుంది.

హిమబిందు చక్కగానే మాట్లాడింది. పిల్లలు ప్రార్థనకు ముందే బడిలో ఉండాలి. తలకు నూనె రాసి దువ్వాలి, గోళ్లు తీయాలి. అంగడి చిరుతిళ్లు సంచిలో పెట్టి పంపకూడదు. పిల్లను గేటు దగ్గర అప్పజెప్పాక తల్లి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవాలి, కిటికీల దగ్గర తచ్చాడితే ఏడుపు ఆగదు. వేళ కాని వేళ రాకూడదు, లాంగ్ బెల్లు కొట్టాక మాత్రం ఆలస్యం చేయకూడదు, పిల్లలు గేటు వైపే చూస్తుంటారు. అందరూ తలలూపారు. ఎవరు ఏం చెప్పినా తలలూపే జనం కాదు వాళ్లు. అమ్మాయి ముచ్చటగా మాట్లాడుతోంది కదా అని ఊపారు.

మరునాడు పొద్దున ఒకటో తరగతి పిల్లల ఏడుపులతో బడి దద్దరిల్లిపోయింది. గేటు దగ్గర తల్లులు ముందుకు రెండడుగులు, వెనక్కి నాలుగడుగులు. వాళ్లలో రమాదేవి అనే ఆమె తన కూతురు చందన ముందు గొంతుక్కూర్చుని, అప్పటికే దువ్విన జుట్టును మళ్లీ దువ్వుతోంది, గట్టిగా ఉన్న రిబ్బను ముడిని విప్పి మళ్లీ కడుతోంది. పిల్ల ఆమె మెడను వదలడం లేదు. హిమబిందు చూసి చూసి దగ్గరికి వెళ్లింది.

"ఇక చాల్లేమ్మా. మీరు ఎంతసేపుంటే పిల్ల అంతసేపు ఏడుస్తుంది. నిన్న చెప్పాను కదా, వెనక్కి చూడకుండా వెళ్లిపోండి."

రమాదేవి తలెత్తి ఏదో అనబోయి మానుకుంది. "అట్లే టీచర్. మీరు చెప్పినట్టే పోతా," అని మెడ చుట్టూ ఉన్న చేతులను విడిపించుకుని లేచింది. వీధి మలుపు దాకా నడిచింది, ఒక్కసారి కూడా తల తిప్పలేదు. హిమబిందు పొంగిపోయింది. "ఆమెను చూడండి! అలా ఉండాలి తల్లి అంటే," అని మిగతా వాళ్లకు వినపడేలా గట్టిగా అంది.

చందన గుక్కపట్టి ఏడుస్తోంది. హిమబిందు ఆ పిల్లను ఎత్తుకుని, లోకంలో ఏ ఒకటో తరగతి టీచరైనా అనే మాటే అంది. "లాంగ్ బెల్లు కొట్టగానే మీ అమ్మ వచ్చేస్తుంది. టీచర్ చెబుతున్నా కదా!"

"నిజ్జంగానా?"

"నిజంగా."

ఏడుపు అక్కడికక్కడే ఆగింది. పిల్ల ముక్కు తుడుచుకుని వెళ్లి చాప మీద కూర్చుంది, సాయంత్రం దాకా కిక్కురుమనలేదు. ఒక్క మాటతో ఊరుకోబెట్టానని హిమబిందు మధ్యాహ్నం అన్నం దగ్గర మార్తమ్మకు చెప్పుకుని మురిసింది. మార్తమ్మ కళ్లజోడు తుడుచుకుంది.

ఆ బడిలో బెల్లు అంటే వరండా దూలానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్క, దాన్ని కొట్టడానికి ఒక ఇనుపకడ్డీ. నాలుగు గంటలకు మార్తమ్మ లాంగ్ బెల్లు కొట్టింది. తల్లులు వచ్చారు, పిల్లల్ని చంకనేసుకుని పోయారు. చందన గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. అందరూ పోయాక, మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుంటూ ఒక ముసలామె వచ్చింది. పిల్లకు అమ్మమ్మ, పేరు రెడ్డెమ్మ.

"రమాదేవి రాలేదేం?" అని హిమబిందు అడిగింది.

"మద్రాసుకు పోయినాదమ్మా. రాత్రికి కువైట్ విమానం. ఆడ ఎవరింట్లోనో పనికి."

"ఇవాళేనా? నాకు ఒక్క మాట చెప్పకూడదా?"

"బడి తెరిచే దినమే పోతానని కూసున్నాది. ఆ పొద్దు పిల్లోళ్లందరూ ఏడుస్తారు గదా, దీని ఏడుపూ అందుట్లో కలిసిపోతాది, వారం తిరిగేలోగా మానుకుంటాది అన్నాది." ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దానికి తోచింది అది చేసినాది."

వీధి మలుపు తిరుగుతున్న ఆ వీపు హిమబిందు కళ్లముందు మెదిలింది. అలా ఉండాలి తల్లి అంటే, అని తాను అరిచిన అరుపు చెవుల్లో మోగింది. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోయింది.

ఆ తర్వాత చందన బడికి రోజూ వచ్చింది, వేళకు వచ్చింది, నూనె రాసుకుని గోళ్లు తీయించుకుని వచ్చింది. ఒక్కనాడూ ఏడవలేదు. తరగతిలో అంత బుద్ధిమంతురాలు ఇంకొకరు లేరు. సాయంత్రం బెల్లు మోగగానే గేటు దగ్గరికి వెళ్లి ఊచలు పట్టుకునేది. చివరికి వచ్చేది అవ్వే. పిల్లకు నిజం చెప్పలేదా అని హిమబిందు అడిగితే రెడ్డెమ్మ నిట్టూర్చింది. "చెప్పినానమ్మా. కువైట్‌లో ఉంది, ఇప్పుడిప్పుడే రాదు అని రోజూ చెప్తాండా. అయినా వస్తాది అవ్వా, బెల్లు కొడితే వస్తాదని టీచర్ చెప్పినాది అంటాది. నా మాట యాడ ఇంటాది, నేనేమన్నా టీచర్నా?"

హిమబిందు తానే చెప్పి చూసింది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు తాను తెలియక అన్నానని, అమ్మ చాలా దూరంలో ఉందని నెమ్మదిగా నచ్చజెప్పింది. చందన చివరిదాకా శ్రద్ధగా వింది. "నిజంగా అని మీరే చెప్పినారు గదా టీచర్," అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, టీచర్ ఏదో మరిచిపోయింది కాబోలు, గుర్తు చేద్దామన్న జాలి మాత్రం ఉంది.

ఒక ఆదివారం కువైట్ నుంచి ఫోను వచ్చింది. బెల్లు కొట్టినా ఎందుకు రాలేదని పిల్ల తల్లిని అడిగింది. అంత దూరాన, పరాయివాళ్ల వంటింట్లో నిలబడి ఆ తల్లి ఏం చెబుతుంది పాపం! "ఇనపళ్లేదు బంగారూ," అని ఫోను పెట్టేసింది. సోమవారం నుంచి చందన గేటు దగ్గరికి పోవడం మానేసి, బెల్లు దగ్గరికి రావడం మొదలుపెట్టింది. మార్తమ్మ కడ్డీ ఎత్తగానే ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకునేది. "ఇంకా గట్టిగా కొట్టల్ల మేడం. మాయమ్మకు ఇనపళ్లేదంట." మార్తమ్మ గట్టిగా కొట్టేది. "ఇంకా గట్టిగా." ఆమె రెండు చేతులతో కొట్టేది. భుజం పట్టేసి, మరునాడు బోర్డు మీద రాయలేకపోయేది.

అలాంటి ఒక సాయంత్రమే హిమబిందు ఆ ప్రశ్న అడిగింది. "అవ్వ చెబితే వినదు, నేను చెబితే వినదు. నేనన్న ఒక్క మాటను పట్టుకుని వేలాడుతోంది మేడం. పసిపిల్లకు ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం ఎలా?"

మార్తమ్మ కడ్డీని దాని చోట పెట్టింది. గదికి తాళం వేసింది. చేతులు దులుపుకుని బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.

మరునాడు పొద్దెక్కాక, పిల్లలు ఎక్కాలు అరుస్తున్న వేళ, మార్తమ్మ వచ్చి చందనను వేలు పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లింది. పట్టా ముక్క కింద ఎత్తుపీట వేసి పిల్లను దాని మీద నిలబెట్టింది. కడ్డీ చేతికిచ్చింది.

"నువ్వే కొట్టు తల్లీ. నీకు ఎంత గట్టిగా కావాలో అంత గట్టిగా కొట్టు."

"మేడం, ఇది బెల్లు కొట్టే వేళ కాదు," అంటూ హిమబిందు పరుగెత్తుకొచ్చింది. మార్తమ్మ ఆమె వైపు చూడలేదు.

చందన కొట్టింది. మొదట కడ్డీ జారింది. తర్వాత రెండు చేతులతో పట్టుకుని, ఒళ్లంతా వెనక్కి విరిచి కొట్టింది. పళ్లు బిగించి, పక్కకు ఒరిగిపోతూ, మళ్లీ నిలదొక్కుకుని కొట్టింది. పెద్దవాళ్లెవరూ దాన్ని అలా కొట్టి ఉండరు. ఎక్కాలు ఆగిపోయాయి. చూరు మీది పావురాలు లేచిపోయాయి.

ఆ ఊళ్లో వేళ కాని వేళ బడి బెల్లు మోగిందంటే పాము దూరిందనో, కప్పు కూలిందనో అర్థం. టమాటా తోటల్లోంచి ఆడవాళ్లు తట్టలు పడేసి పరుగెత్తారు. ఒకామె చేతులకు పిండి, ఒకామె తల నిండా కుంకుడు నురగ. సగం గడ్డం గీసుకుని ఒక తండ్రి. మధ్యలో రావద్దన్న మాట ఎవరికీ గుర్తు లేదు. తోసుకుంటూ లోపలికి వచ్చి ఎవరి పిల్లను వాళ్లు పట్టుకుని తడిమి చూసుకున్నారు. "ఏమైనాది టీచర్, ఏమైనాది?" అని హిమబిందును ఊపేశారు.

గేటు నిండాకే చందన కొట్టడం ఆపింది. పీట మీద నిలబడి, వచ్చిన ఒక్కొక్క ముఖాన్నీ చూసింది. చూసిన ముఖాన్ని వదిలి పక్క ముఖానికి వెళ్లింది. హిమబిందు ఆ చూపును భరించలేక గోడ వైపు తిరిగింది.

ఏమీ కాలేదని, పొరపాటు తనదేనని మార్తమ్మ అందరికీ చేతులు జోడించింది. కొందరు తిట్టారు. ఒకామె గండం గడిచిన సంతోషంలో కొడుకు వీపున ఒక్కటి చరిచి, మళ్లీ ముద్దు పెట్టుకుని వెళ్లింది. జనం పలచబడ్డారు. అప్పుడు వీధి మలుపులో ఇంకొక ఆడమనిషి కనిపించింది. చీర ఎగదోపుకుని, తూలుతూ, పడుతూ లేస్తూ వస్తోంది. చందన చేతిలో కడ్డీ కింద పడింది. పీట మీంచి దూకి గేటు దాకా ఒక్క పరుగు తీసింది.

రెడ్డెమ్మ. చెప్పులు లేవు, ఊపిరి అందడం లేదు. మోకాళ్లు రానీయక అందరికంటే ఆలస్యంగా చేరింది.

"నువ్వెందుకొచ్చినావు?" అంది చందన. "నేను నీకు కొట్టలేదు."

"తెలుసమ్మా," అంది ముసలామె. "తెలుసు." గేటు పట్టుకుని అక్కడే కూలబడింది.

చందన వెనక్కి తిరిగి హిమబిందు దగ్గరికి వచ్చింది. "ఊరంతా ఇనిండారు గదా టీచర్?"

"విన్నారు తల్లీ."

"మాయమ్మకు?"

హిమబిందు మార్తమ్మ వైపు చూసింది. అక్కడ సాయం ఏమీ దొరకలేదు. తానే పిల్ల ముందు, ఆనాడు రమాదేవి కూర్చున్నట్టే గొంతుక్కూర్చుంది.

"వినపడదమ్మా. ఎంత గట్టిగా కొట్టినా వినపడదు. నేను అబద్ధం చెప్పాను."

పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత ఏడ్చింది. బడి తెరిచిన రోజు గుక్కపట్టిన ఏడుపు ఒక ఆటలాంటిదని హిమబిందుకు అప్పుడు తెలిసింది. దగ్గరికి తీసుకోబోతే చందన ఆమె చేతులను తోసేసింది. అవ్వ దగ్గరికీ పోలేదు. ఖాళీ వరండాలో స్తంభాన్ని కరుచుకుని, ఎవరినీ పిలవకుండా ఏడ్చింది. ఆ పిల్ల ఇకపై తన మాట నమ్మదని, నమ్మకపోవడమే న్యాయమని హిమబిందుకు అర్థమైంది. ఆమెకు ఉద్యోగం మానేసి ఇంటికి పోవాలనిపించింది.

"ఇదా మేడం, నేనడిగినదానికి జవాబు?" అంది, కళ్లు తుడుచుకోకుండానే.

మార్తమ్మ వంగి కడ్డీని తీసింది. దాన్ని దాని చోట పెట్టలేదు. కళ్లజోడూ తుడుచుకోలేదు. ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

"నాలుగింటికి లాంగ్ బెల్లు నువ్వు కొట్టు హిమబిందూ. నాకు చేతులు రావు. కొట్టక తప్పదు కదా, తక్కిన పిల్లల అమ్మలు రావాలి."