వదలని చెయ్యి

శిష్యులు గొడవలు మోసుకొస్తే కేదారస్వామి తీర్పు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని చెప్పి పంపేవారు. ఒక ఆదివారం డాక్టర్ వైకుంఠరావుకీ అలాగే పని పడింది.

నిజానికి డాక్టరుగారు వచ్చింది స్వామివారి దగ్గు చూడటానికి. నాడి లెక్క చూపే క్లిప్పును ఆయన వేలికి తగిలించారో లేదో, కడుపులో మంటంతా బయటికొచ్చింది.

"స్వామీ, గుణవతి నా ఆస్పత్రిలో పదకొండేళ్ళు నర్సు. నాడి పట్టడం నేనే నేర్పాను. టీకాలు వేస్తూ ఊళ్ళు తిరిగిన మనిషి, ఎమ్మెల్యే అయింది. రెండోసారీ గెలిచింది. ఇప్పుడు మంత్రి అవుతుందట! ముప్పయ్యేళ్ళు వైద్యం చేసిన నన్ను మా వీధివాళ్ళయినా పట్టించుకోరు. నాలో లేనిది ఆవిడలో ఏముంది? వచ్చే ఎన్నికల్లో ఆవిడ మీద పోటీకి నిలబడతాను, దీవించండి."

అసూయకి చదువుతో పనిలేదు. ఎంత పెద్ద డాక్టరునైనా మంచమెక్కించగలదు. స్వామివారు మధ్యమధ్య దగ్గుతూ గంటసేపు విన్నారు. తర్వాత ఒక కాగితం అందించారు. "మన ఊరి ఆరోగ్యకేంద్రం కప్పు కారుతోందని అర్జీ. రేపు ఆవిడ ఆఫీసులో జనం దగ్గర అర్జీలు తీసుకుంటుంది, వరసలో నిలబడి ఆవిడ చేతికే ఇవ్వు. దీవెన సంగతి తర్వాత చూద్దాం."

మర్నాడు డాక్టరుగారు పళ్ళు కొరుక్కుంటూ వరసలో నిలబడ్డారు. గుణవతి స్టూలు మీద కూర్చుని, ఎదురుగా మరో స్టూలు వేయించుకుంది, అచ్చం ఆస్పత్రిలో లాగే. వచ్చినవాళ్ళ మణికట్టు పట్టుకుని మరీ వింటోంది.

"రోడ్డు కావాలని వచ్చినవాడికి నాడి చూడటమేమిటి? అంతా నాటకం!" అని గొణిగారు.

ముందున్న ముసలాయన వెనక్కి తిరిగాడు. "ఆయమ్మ సెయ్యట్టుకుంతే అన్నీ సెప్పీగల్ను బాబూ. మైకెడితే నోరు రాదు."

డాక్టరుగారి వంతు వచ్చింది. గుణవతి గభాలున లేచింది. "అయ్యో, మీరు వరసలో నిలబడటమేమిటండీ!" అంటూ కూర్చోబెట్టి, అలవాటుగా చెయ్యి అందుకుంది. అర్జీ ఆవిడ చేతిలో పడేసి వచ్చేద్దామనుకున్న మనిషి, "రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదమ్మా" అనేశారు. ఎందుకు పట్టడం లేదో నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆవిడ చెయ్యి వదల్లేదు.

"ఇంకా ఏమైనా ఉందాండీ?"

"లేదు. వదులు."

గుణవతి నవ్వింది. "నేను చేరిన మొదటివారం మీరే చెప్పారు డాక్టరుగారూ. రోగి చెప్పుకోవడం అయ్యేదాకా చెయ్యి వదలొద్దని, వదిలితే అసలు మాట చెప్పకుండానే లేచిపోతాడని. ఆ ఒక్క ముక్కతోనే నెట్టుకొస్తున్నాను."

ఆ మాటతో చల్లారాల్సింది పోయి, మంట రెట్టింపైంది. తిన్నగా ఆశ్రమానికి వచ్చిపడ్డారు. "విన్నారా స్వామీ? ఆవిడే ఒప్పుకుంది! గెలిపించిన విద్య నాది, గెలుపు ఆవిడది!"

స్వామివారికి దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఆగి, నిన్న డాక్టరుగారు మరిచిపోయిన క్లిప్పును ఆయన చేతిలో పెట్టారు.

"విద్య నీదే నాయనా, కాదన్నదెవరు? నిన్న ఇది నా వేలికి పెట్టి గంటసేపు ఆవిడ గురించి చెప్పావు. ఈ దగ్గు నాకు ఎన్నాళ్ళనుంచో నేనింకా నీకు చెప్పనేలేదు."