తోడేలు వెంట నడిచిన చుక్కమ్మ

మేక తనంతట తాను తోడేలు దగ్గరికి వెళ్తుందా అంటే ఎవరైనా నవ్వుతారు. ఎర్రగుట్ట కింద మేసే మందలో చుక్కమ్మ అనే మేక వెళ్ళింది. ఆమె తెలివితక్కువదేమీ కాదు. ఏ ఆకు చేదో, ఏ మబ్బు కురిసేదో మందలో అందరికంటే ముందు చెప్పేది.

ఆ ఏడు వానల్లో ఆమె పిల్ల బొట్టుగాడు జబ్బు చేసి చచ్చిపోయాడు. చుక్కమ్మ మూడు రోజులు మేత ముట్టలేదు. మందకు పెద్ద కొమ్ములయ్య అనే మేకపోతు. అతనొచ్చి, పిల్లలు పోవడం మేకజాతికి కొత్త కాదనీ, కూర్చుని ఏడిస్తే కడుపు నిండదనీ చెప్పి మేతకు వెళ్ళిపోయాడు. చెడ్డవాడు కాదు. తొందరలో ఉన్నాడంతే.

ఒంటరిగా గుట్ట వైపు నడిచిన చుక్కమ్మకు బండ మీద ఒక ముసలి తోడేలు కనిపించింది. దాని పేరు నియమానందుడు. పరుగెత్తి వేటాడే వయసు దాటిపోయింది. మాంసం మానేసి తపస్సులో ఉన్నానని చెప్పుకునేది. చుక్కమ్మ పారిపోలేదు. తింటే తిననీ అనుకుని నిలబడింది. తోడేలు కదలకుండా అడిగింది: "నీ పిల్ల పేరేమిటమ్మా?"

మూడు రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. చుక్కమ్మ పొద్దు వాలేదాకా చెబుతూనే ఉంది. తోడేలు ఆవలించకుండా విన్నది. బొట్టుగాడు గుట్టమీద తల్లి కోసం ఎదురుచూస్తున్నాడనీ, నియమం తప్పనివాళ్ళకు కనబడతాడనీ చివర్లో చెప్పింది.

ఆ నియమాలు మామూలువి కావు. పచ్చి ఆకు తినకూడదు. బయటివాళ్ళతో మాట్లాడకూడదు. సోమవారం సోమవారం ఒకరి వెనక ఒకరుగా గుట్ట ఎక్కాలి. వెనక్కి తిరిగి చూస్తే చేసిన పుణ్యమంతా పోతుంది. ఇవన్నీ చుక్కమ్మకు బరువనిపించలేదు. లేచింది మొదలు పడుకునేదాకా ఏం చెయ్యాలో ఎవరో చెబుతుంటే దుఃఖానికి తీరిక దొరకలేదు. పైగా అక్కడ ఆమె ఒక్కతే కాదు. మంద ఏనాడూ ఆగి చూడని కుంటి గొర్రె ఉంది. ఈనలేదని అందరూ ఎత్తిపొడిచిన మేక ఉంది. అందరూ ఒకరినొకరు అక్కా అనీ, తోడేలును స్వామీ అనీ పిలుస్తారు.

కొమ్ములయ్య గుట్ట కింద నిలబడి, జాతి పరువు తీశావని రోజూ అరిచేవాడు. అతను అరిచినకొద్దీ చుక్కమ్మ ఇంకో నాలుగడుగులు పైకి జరిగేది.

రేవులో బట్టల మూటలు మోసే గాడిద రేవన్నకు చుక్కమ్మ పాత స్నేహితురాలు. రేవులో పని లేని రోజులు చూసుకుని పలకరించడానికి వచ్చాడు. బయటివాడని ఆమె మొహం తిప్పుకుంది. సరే, లోపలివాడినే అవుదామని రేవన్న కూడా చేరిపోయాడు. వాళ్ళు అతన్ని "రేవన్నగారూ" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆ జీవికి "గారు" అన్న మాట తగలడం అదే మొదలు. ఎండుటాకులు నములుతూ కూడా అతని కడుపు నిండినట్టుండేది. ఇక్కడే ఉండిపోదామా అని కూడా అనుకున్నాడు.

సోమవారం వచ్చింది. గుట్ట మధ్యలో రెండు బండల నడుమ ఇరుకు సందు ఉంది. తోడేలు ఆ సందు పక్కన కూర్చుని ఒక్కొక్కరినే దీవించి పంపుతుంది. అందరూ గొంతెత్తి నామం చెబుతూ దాటాలి. వినయం గలవాళ్ళకే వరుసలో చివరి చోటు. ఆ రోజు అది కుంటి గొర్రెకు దక్కింది. పైకి చేరాక చూస్తే కుంటి గొర్రె లేదు. ముక్తి పొందిందని స్వామి సెలవిచ్చాడు. స్వామి మీసాలకు ఊలు అంటుకుని ఉంది.

రేవన్న చుక్కమ్మను పక్కకు పిలిచి సంగతి చెప్పాడు.

"నేనూ చూశాను రేవన్నా. ఆ ఊలు నిజమైతే పైన నా బొట్టుగాడు లేనట్టే కదా," అంది.

వచ్చే సోమవారం చివరి చోటు చుక్కమ్మదేనని స్వామి అప్పటికే ప్రకటించాడు.

ఆ సోమవారం వరుస కదలబోతుండగా రేవన్న ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు.

"స్వామీ, వినయానికి చివరి చోటంటున్నారు. లోకంలో గాడిదకంటే తక్కువవాడు ఉన్నాడా? ఆ చోటు నాకిప్పించండి."

న్యాయమేనని అందరూ తలలూపారు. తోడేలు రేవన్న బలిసిన తొడలు చూసింది. నెల రోజుల తిండి. అలాగే కానివ్వమంది.

నామం మారుమోగుతుండగా ఒక్కొక్కరే సందు దాటారు. చివరగా రేవన్న తల వంచుకుని నడిచాడు. తోడేలు వెనకనుంచి ఎగిరింది. అది గాలిలో ఉండగానే రేవన్న రెండు వెనక్కాళ్ళూ జాడించి తన్నాడు. దవడ విరిగిన చప్పుడుకు నామం ఆగిపోయింది.

"గురువునే తన్నావా," అని తోడేలు నెత్తురు కక్కుతూ మూలిగింది.

"వెనక్కి చూడకూడదన్నారు స్వామీ. చూడలేదు," అన్నాడు రేవన్న, ముందుకే చూస్తూ.

అప్పుడు చుక్కమ్మ వెనక్కి తిరిగింది. బండ చాటున కుంటి గొర్రె మెడ తాడు, పక్కనే ఎముకలు కనిపించాయి. ఆమె తోడేలు ఎదుటికి వెళ్ళి, గుట్టమీద తన పిల్ల ఉన్నాడా అని ఒక్కసారి అడిగింది. తోడేలు బండ చాటుకు పాకబోయింది. చుక్కమ్మ కొమ్ములు వంచి కుమ్మింది. ఆమె వెనక ఇంకో పదకొండు జతల కొమ్ములు లేచాయి. ఎప్పుడూ తలెత్తని గొర్రెలు కూడా ఆ రోజు గుట్ట అదిరేలా అరిచాయి.

వాళ్ళు కిందికి రాగానే కొమ్ములయ్య, నేను ముందే చెప్పానని మొదలుపెట్టబోయాడు. రేవన్న అడ్డొచ్చాడు. "మీరు చెప్పారు పెద్దయ్యా. ఆ స్వామి విన్నాడు. తేడా అక్కడే వచ్చింది," అన్నాడు.

కొమ్ములయ్య తల దించుకుని చుక్కమ్మ పక్కన కూర్చున్నాడు. ఆ పూట మంద మేతకు పోలేదు. చుక్కమ్మ కరువుతీరా ఏడ్చింది. ఎవరూ లేచి వెళ్ళలేదు.

తోడేలు విరిగిన దవడతో అవతలి లోయలోకి దొర్లుకుంటూ పోయింది. అక్కడ బండలెక్కి ఎన్ని దీవెనలిచ్చినా, చుట్టుపక్కల ఏ మందలోంచీ ఒక్క పిల్ల కూడా దాని దగ్గరికి వెళ్ళలేదు.

నీతి: ఓదార్చే నోరు ఇంట్లో కరువైతే, ఉచ్చు పన్నేవాడే ఆత్మబంధువవుతాడు.