గడప మీద కూర్చున్న చారలమ్మ

ఏడు సముద్రాల అవతల, ఆపైన ఇంకేమైనా ఉందేమోనని ఎవరూ వెళ్ళి చూడని చోట, ఒక దీవి ఉండేది పిల్లలూ. ఆ దీవిలో ఒక కోట. ఆ కోటలో వక్రకేతుడనే మాంత్రికుడు. వాడు కోపంగా చూస్తే సముద్రం వెనక్కి జరిగేది. వాడి పేరు వింటే రాజులు వణికేవారు. అంతటివాడు తన ఇంట్లో తాను ఆసనం అంచున ఒదిగి కూర్చునేవాడు. ఎందుకంటే ఆసనం నిండా చారలమ్మ పడుకుని ఉండేది.

చారలమ్మ అంటే పిల్లి. ఆ కోట తనదనీ, వక్రకేతుడు తన వంటవాడనీ దాని నమ్మకం. నమ్మకేం చేస్తుంది? పొద్దున్నే అది అరిస్తే వాడు లేచేవాడు. పాలు వేడిగా ఉన్నాయని మూతి తిప్పుకుంటే ఊది చల్లార్చేవాడు. చల్లారిపోయాయని మూతి తిప్పుకుంటే మంత్రం చదివి వెచ్చబెట్టేవాడు. గడ్డం కింద గోకడానికి కువలయ అనే అమ్మాయి ఉంది. గోళ్ళు పదును పెట్టుకోవడానికి వాకిట్లో మనుషుల ఆకారంలో రెండు రాతి స్తంభాలున్నాయి. లోటేమీ లేదు.

ఒకరోజు పొద్దున చారలమ్మ వాకిట్లోకి వస్తూ వస్తూ ఒక కాలు పైకెత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. ఎండ పడే చోట వేసిన తన పట్టు పరుపు మీద ఎవరో మనిషి కూర్చుని ఉన్నాడు. వాడి బట్టల్లోంచి ఉప్పునీళ్ళు కారి పరుపులోకి ఇంకుతున్నాయి. చారలమ్మకు బుద్ధెరిగాక దాని పరుపు మీద ఇంకొకరు కూర్చోవడం అదే మొదలు.

"ఎవరు నువ్వు?" అని అడిగింది.

మాట్లాడే తాబేలు వీపెక్కి వచ్చినవాడు గనుక, మాట్లాడే పిల్లిని చూసి అతను తడబడలేదు. "నా పేరు మణిధరుడు. చంపకపురి రాజుగారి మూడో కొడుకుని. మా పెద్దన్న ఇటువైపు వచ్చి తిరిగి రాలేదు. అతని కోసం మా చిన్నన్న వచ్చాడు, అతనూ రాలేదు. నువ్వేమైనా చూశావా?"

"ఇక్కడికి ఎవరూ రాలేదు. ముందు పరుపు దిగు."

అప్పుడే కువలయ పాలగిన్నెతో వచ్చింది. కొత్త మనిషిని చూడగానే ఆమె చేతిలోంచి గిన్నె జారి పాలన్నీ నేలపాలయ్యాయి. దాని సంగతి చారలమ్మ ఎత్తబోయేలోపే ఆమె రాతి స్తంభాల వైపు చేయి చూపించింది.

"వీళ్ళేనండీ మీ అన్నలు. నన్ను విడిపించబోతే ఈ మాంత్రికుడు ఇలా రాళ్ళు చేశాడు. మా నాన్నగారి తోటలోంచి నన్ను ఎత్తుకొచ్చి పెళ్ళి చేసుకోమన్నాడు. మూడేళ్ళ నోము ఉందని చెప్పి ఆపాను. ఎల్లుండితో నోము తీరిపోతుంది."

చారలమ్మ తన గోళ్ళ వంక చూసుకుంది. తర్వాత స్తంభాల వంక చూసింది. పెద్దతని మోకాలి మీద గీతలు బాగా లోతుగా ఉన్నాయి.

"అమ్మాయీ, నువ్వు నా దగ్గర కొలువుకి రాలేదా?"

"లేదు చారలమ్మా."

"మరి నాతో ఎప్పుడూ చెప్పలేదే?"

"చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఇంకొంచెం ఎడమవైపు గోకమనేదానివి."

చారలమ్మ గోళ్ళు లోపలికి ముడుచుకుంది. "నా ఇంట్లో ఇది జరుగుతుంటే నేను నిద్రపోయాను," అంది. ఆ మాట తనకే కొత్తగా వినిపించింది.

"వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదని తాబేలు చెప్పింది. ఎక్కడుందో తెలిస్తే చాలు," అన్నాడు మణిధరుడు.

"నేను అడుగుతాను. నువ్వు గాదె వెనక దాక్కో."

వక్రకేతుడు వంటింట్లో కూర్చుని చేపముక్కల్లోంచి ముళ్ళు ఏరుతున్నాడు.

"ఒరే, నీ ప్రాణం ఎక్కడ పెట్టావురా?"

"నీకెందుకు తల్లీ అది?"

"ఇంటి పెద్దని నేను. నాకు తెలియకుండా ఇంట్లో ఏదీ ఉండకూడదు."

వాడు ఆ సంగతి ఎవరికీ చెప్పినవాడు కాదు. పిల్లికి చెబితే ఏమవుతుందిలే అనుకున్నాడు. "మేడ మీద ఇనుప తలుపుల గదిలో ఒక చిలక ఉంది. దాన్లో ఉంది."

మనుషుల్ని రాళ్ళు చేశాడని విన్నప్పుడు కూడా చారలమ్మ గుండె అంతగా ఝల్లుమనలేదు. ఇన్నేళ్ళు తనకు ముళ్ళు ఏరి పెట్టినవాడు, ప్రాణం దాచుకోవలసి వచ్చేసరికి ఒక పక్షి దగ్గరికి వెళ్ళాడు.

"నా దగ్గర దాచలేదేం?"

"ఎత్తున పెట్టినదేదైనా కాలితో తోసి కింద పడేస్తావు కదా తల్లీ."

చారలమ్మ తోక విదిలించి గాదె వైపు నడిచింది.

ఆ ఇనుప తలుపు వక్రకేతుడి చేయి తగిలితే తప్ప తెరుచుకోదు. చారలమ్మ మణిధరుడికీ కువలయకూ ఏం చెయ్యాలో చెప్పి, మేడెక్కి తలుపు గీకుతూ అరవడం మొదలుపెట్టింది. వాడు మొదట కిందినుంచే వద్దన్నాడు. అది అరిచింది. వాడు చేప తెచ్చి ముందు పెట్టాడు. చేప తినేసి మళ్ళీ అరిచింది. మూడోసారి చెవులు మూసుకుంటూ వచ్చి తలుపు తీశాడు.

చారలమ్మ లోపలికి వెళ్ళలేదు. గడప మీద కూర్చుని మూతి తుడుచుకుంది.

"లోపలికైనా వెళ్ళు తల్లీ, బయటికైనా రా."

అది పడుకుంది. తలుపు వేస్తే తోక నలుగుతుంది. సముద్రాన్ని వెనక్కి జరిపినవాడికి ఆ పిల్లిని జానెడు జరపడం చేతకాలేదు. ఇంతలో కింద కువలయ కావాలని పాలు పొయ్యిలోకి పొంగనిచ్చింది. మాడు వాసన రాగానే, చారలమ్మ పాలు పోతున్నాయని వాడు మెట్ల మీదుగా పరుగెత్తాడు. మణిధరుడు రెండో వైపు మెట్లెక్కి వచ్చి, పిల్లిని దాటుకుని గదిలోకి దూకి చిలకను పట్టుకున్నాడు.

మెట్ల మీద వక్రకేతుడు గొంతు పట్టుకుని పడిపోయాడు.

"ఆగు," అంది చారలమ్మ.

"మా అన్నల్ని రాళ్ళు చేశాడు."

"చేశాడు. వీణ్ణి చంపితే వాళ్ళని తిరిగి మనుషుల్ని ఎవరు చేస్తారు?"

మణిధరుడి వేళ్ళు కాస్త సడలాయి. చారలమ్మ నెమ్మదిగా మెట్లు దిగి మాంత్రికుడి ఎదురుగా కూర్చుంది.

"మూడు పనులు చెయ్యాలి. ఆ రాళ్ళకు ప్రాణం పొయ్యి. ఈ అమ్మాయిని వాళ్ళ నాన్నకు అప్పగించు. నీ మంత్రదండం విరిచి సముద్రంలో పారెయ్యి."

"నువ్వేనా తల్లీ ఇదంతా చేసింది?" వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనే. ఇకనుంచి చిలక నా దగ్గర ఉంటుంది."

ఆ మాటకు వాడి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ మూడు పనులూ చేశాడు. అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుంటూ లేచారు. పెద్దన్న కుంటుతూ రెండడుగులు వేసి మోకాలు చూసుకున్నాడు. చారలమ్మ వెళ్ళి ఆ మోకాలు నాకింది. అంతకుముందు ఎవరికీ అది అలా చేసి ఎరగదు.

తాబేలు అందరినీ దాటించింది. కువలయను చూడగానే రాజుగారైన వాళ్ళ నాన్న చెప్పులు తొడుక్కోకుండానే ఎదురు పరుగెత్తుకొచ్చారు. ఆ నెలలోనే కువలయ ఇష్టపడి మణిధరుణ్ణి పెళ్ళాడింది. ఏడు రోజులు ఊరంతా భోజనాలు. రాజుగారి తర్వాత వాళ్ళిద్దరూ వేళకు వానలు కురిసేలా, జైళ్ళకు పని లేకుండా, మనవలు పుట్టేదాకా ఆ రాజ్యమేలారు.

వక్రకేతుడు వాళ్ళ వంటశాలలో పనికి కుదిరాడు. రోజుకు పదిసార్లు గిన్నె వదిలి వచ్చి తొంగి చూసేవాడు. చిలక పంజరంలో జామపండు తింటూ ఉండేది. పంజరాన్ని ఆనుకుని చారలమ్మ పడుకుని ఉండేది. వేరే ఏ పిల్లీ ఆ గది ఛాయలకు వచ్చేది కాదు.

చాలా ఏళ్ళకు, జుట్టు నెరిశాక, వాడు ధైర్యం చేసి అడిగాడు. "తల్లీ, దాన్ని తినెయ్యాలని నీకెప్పుడూ అనిపించలేదా?"

"ప్రతిరోజూ అనిపిస్తుంది," అని చారలమ్మ కళ్ళు మూసుకుంది.