గన్నేరుకు కట్టిన గులాబీ బిళ్ల

ఏడు తాలూకాల జంతువుల భాష నా నాలుక మీద ఉంది. పులి గాండ్రిస్తే అందులో తప్పులు ఏరి చూపించి, సిగ్గుతో దాన్ని అడవిలోకి తిరిగి పంపినవాణ్ణి. గులాబీ వంశంలో మూడు వేల రకాలుంటే, కళ్లకు గంతలు కట్టుకుని, ఆకు అంచు తడిమి ప్రతిదాని ఇంటిపేరూ సొంతపేరూ చెప్పగలను. అంతటి నేను కూడా ఈ కథ దగ్గర గొంతు తగ్గిస్తాను.

కాలవ చివర ఒక గులాబీ నర్సరీ. ఆ వేసవి ఎండకు నా నీడే మాడి నేలకు అంటుకుంది. బోరు ఎండిపోయింది. యజమాని ముసలి ఎద్దునీ ఈనిన మేకనీ తాళ్లు విప్పి వదిలేసి వేరే ఊరు పోయాడు. కుండీల్లో గులాబీలు పుల్లలయ్యాయి. పుల్లపుల్లకీ పేరు రాసిన రేకు బిళ్ల మాత్రం ఇంకా వేలాడుతోంది, సమాధి మీద పలకలాగా.

మేక పేరు పోలి. పుట్టిన దగ్గర్నుంచి కట్టుకొయ్య దాటి మేసి ఎరగదు. కత్తిరించిన గులాబీ కొమ్మలు బిళ్లలతో సహా తెచ్చి దాని ముందు పడేసేవారు. శాస్త్రం ప్రకారం మొక్కకు ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు. బిళ్ల మీద మొదటి మాట ‘రోజా’ అయితే తినాలి, కాకపోతే వదిలేయాలి. పోలికి తెలిసిన మేత విద్య అంతే. దానికిప్పుడు ఇద్దరు పసిపిల్లలు. పొదుగులో పాలు లేవు.

కాలవ గట్టు మీద నుంచి నక్క దిగింది.

“ఏం పోలక్కా, పాలు దిగుతున్నాయా?”

“ఎక్కణ్ణుంచి దిగుతాయి తమ్ముడూ. పిల్లలు గుంజి గుంజి నెత్తురు తెప్పిస్తున్నారు.”

“కంచె దగ్గర అంత పచ్చగా పూసి ఉంటే, ఎండుపుల్లలు నాకుతూ కూర్చున్నావే.”

“అదేదో తెలీని మొక్క.”

“తెలీకపోతే పేరు చూసుకోవాలి. బిళ్ల ఉంది, పోయి చూడు.”

ఉంది మరి. మధ్యాహ్నం ఎద్దు కునుకు తీస్తుండగా, చచ్చిన గులాబీ మెడలోంచి బిళ్ల పీకి నక్కే అక్కడ తగిలించింది. ఆ పచ్చటి మొక్క గన్నేరు. దాని ఇంటిపేరు నీరియం, దాని వంశమే వేరు, ఆకు ఆకంతా విషం. విషమెక్కే పోలి మాంసం మీద నక్కకు ఆశ లేదు. తల్లి పోతే దిక్కులేని ఆ లేత పిల్లల మీదే దాని చూపు.

పోలి కంచె దగ్గరికి పోయింది. వెనక ఎద్దు కుంటుకుంటూ వచ్చింది.

“ఆగు అమ్మాయ్. గులాబీ ఆకు అంచుకి రంపప్పళ్లు ఉంటాయి. ఇది కత్తిలా నున్నగా ఉంది. కాడ మొదట్లో చిన్న చెవుల జత ఉండాలి, లేదు. ముల్లు కూడా లేదు.”

“ఆపిల్‌కి గులాబీ ముల్లుందా మామా?” అంది నక్క. “నేల మీద పాకే స్ట్రాబెర్రీకి ఉందా? అవీ ఆ వంశమే. ఒక ఇంట్లో పుట్టినవాళ్లంతా ఒక్కలా ఉంటారా ఏం? నీ అన్న కూడా నీలాగే కుంటేవాడా? రేకులు లెక్కపెట్టుకో అక్కా. అయిదు. గులాబీ వంశానికి అయిదే.”

“వంగపువ్వుకీ అయిదు కొనలుంటాయి. అడవి గులాబీ పువ్వు నడుమ కేసరాలు గుంపుగా నిండి ఉంటాయి. ఇందులో ఏవీ?”

“అక్క తినేది ఆకా, కేసరాలా?”

పోలి బిళ్ల వంకే చూస్తోంది. “రోజా అనే ఉంది మామా.”

“కట్టింది ఎవరో అడిగావా?”

పాకలోంచి పిల్లలు అరిచారు. ఆకలి రుచెరగదంటారు, అది ఎదురు ప్రశ్న కూడా వినదు. పోలి కొమ్మ వంచింది. నక్క సాయంత్రం వస్తానని చెప్పి గట్టెక్కింది.

కాసేపటికి పోలి నోట నురగ వచ్చింది. కాళ్లు వణికాయి. పిల్లలు పొదుగు కోసం పరిగెత్తుకొస్తే రెండింటినీ వెనకకాలితో తన్నింది.

“మామా, వీళ్లని పాకలోకి తోసెయ్. నా పొదుగు ముట్టనివ్వకు.”

ఎద్దు తలతో నెట్టి తీసుకుపోయి, తిరిగొచ్చి పక్కన నిలబడింది.

“ఆ నక్క వచ్చేది వాళ్లకోసం,” అంది పోలి. “నువ్వు ఎన్నాళ్లు అడ్డం నిలబడతావు? నీ మోకాళ్లు నాకు తెలీవా? ఒక్క అబద్ధం ఆడతావా?”

“పుట్టి ఇంతవరకూ ఆడలేదమ్మా.”

“అందుకే నిన్ను అడుగుతున్నా.”

పొద్దు వాలుతుండగా నక్క వచ్చింది. “అయ్యో అక్కా, పడిపోయావే. ఆ ఆకు పడలేదా?”

“ఎక్కడ తిన్నాను తమ్ముడూ? నువ్వు అటు పోగానే మామ కొమ్ము అడ్డం పెట్టింది. మామ మాట విన్నాను. ఆకలికి పోతున్నాను.”

“మరి నోట నురగేంటి?”

“దాహం. పిల్లల ఏడుపు వినపడట్లా? చుక్క పాలు లేవు.”

నక్క ఎద్దు వైపు తిరిగింది. “నిజమేనా మామా? నువ్వు అబద్ధమాడవని ఊరంతా అంటారు.”

“వింది,” అంది ఎద్దు. “నా మాట వింది.”

పోలి కళ్లు మూసింది. ఎద్దు పాక గుమ్మానికి అడ్డంగా పడుకుని, మొహం గోడకు తిప్పుకుంది. కుంటి ఎద్దు కొమ్ములతో పోరాడి పిల్లల్ని లాక్కోవడం ఎందుకు, కళ్లముందు ఇంత మాంసం పెట్టుకుని, అనుకుంది నక్క. మెత్తగా ఉంటుందని పొట్టతోనే మొదలుపెట్టింది. పొట్టలోని గన్నేరు ఆకులు పంటికి తగిలే వేళకు సగం మింగేసింది.

తెల్లారి ఎద్దు పిల్లల్ని తోలుకుని కాలవ వెంట గొర్రెల మంద వైపు నడిచింది. ఒక పిల్ల దారిలోనే ఒరిగిపోయింది. రెండోదాన్ని ఒక గొర్రె దగ్గరికి రానిచ్చింది.

నక్క నీళ్లు వెతుక్కుంటూ ఎండిన కాలవలో పడి, నాలుక బయటపెట్టి చచ్చింది. మూడు జిల్లాల కాకులు వచ్చి చూశాయి, ఒక్కటీ ముట్టలేదు.

నీతి: విషానికి మంచి పేరు తగిలించినవాడు, ఇంకొకరు తగిలించిన పేరు నమ్మే చస్తాడు.