నూకాలు కిటికీలో సముద్రం

దేవుడు ఊరంతటికీ పంచాల్సిన తెలివిని బొద్దవలసలో ఒక్క ఇంట్లోనే కుమ్మరించి వెళ్ళాడని నూకాలు నమ్మకం. ఆ ఇల్లు తనదే. మొగుడు పైడయ్య ఒక మాట విన్నాడంటే పొల్లు పోకుండా చేస్తాడు. మరిది అప్పలకొండ ఆ మాట చెప్పినవాడు మధ్యలో దగ్గితే ఆ దగ్గు కూడా దగ్గుతాడు. ఇక నూకాలంటారా, వాళ్ళిద్దర్నీ నడిపించేదే ఆవిడ.

"ఊళ్ళోవాళ్ళు ఏదైనా చెబితే దానర్థం ఏటా అని బుర్ర గోక్కుంటారు. మనకా తిప్పలు లేవు. చెప్పింది చెప్పినట్టు చేసేస్తాం" అని రోజూ పొద్దున్నే మరిదికి గంజితోపాటు ఈ ముక్క కూడా పోసేది.

అంత తెలివైన మనిషికీ ఒక్క కోరిక తీరలేదు. సముద్రం చూడాలి. బుద్ధెరిగిన దగ్గర్నుంచి కూరలో ఉప్పు వెయ్యని రోజు లేదు కదా, ఆ ఉప్పు పుట్టిల్లు ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలి. చూపిస్తానని పైడయ్య పెళ్ళిపీటల మీదే మాటిచ్చాడు. కానీ ముగ్గురూ వెళ్తే ఇంటికి కాపలా ఎవరు? ఒకరు ఉండిపోతే ఆ ఒకరికి సముద్రం ఎలా? ఈ చిక్కు విడక ఏళ్ళకేళ్ళు గడిచిపోయాయి. ఉప్పు డబ్బా మూత తీసినప్పుడల్లా నూకాలు నిట్టూర్చేది.

ఇలా ఉండగా టౌన్లో లారీ బాడీలు కట్టే సన్యాసినాయుడు ఓ కారవాన్ కట్టాడని తెలిసింది. చక్రాల మీద ఇల్లట! లోపల మంచం, పొయ్యి, అలమర, అన్నీ ఉంటాయట. ట్రాక్టరుకి తగిలిస్తే ఎక్కడికంటే అక్కడికి వస్తుందట. ఇంకేముంది, చిక్కు విడిపోయింది.

"ఇల్లే మనతో వస్తుంటే కాపలా దేనికి మావా!" అంది నూకాలు. పైడయ్య వెంటనే ఇంటి గుమ్మానికున్న తాళం ఊడదీసి జేబులో వేసుకున్నాడు, కొత్తింటికి వెయ్యడానికి. పాతింటి తలుపులు బార్లా తీసి ముగ్గురూ తమ ట్రాక్టరెక్కారు.

నాయుడి షెడ్డు పక్కనే ఇంకో దుకాణంలో ఎక్కడో దూరదేశం నుంచి తెచ్చిన కారవాన్ తళతళలాడుతోంది. అప్పలకొండ నోరు తెరుచుకుని అటే చూస్తుంటే నాయుడికి కంగారు పుట్టింది. పాపం, అతని బండి ఏడాదిగా అమ్ముడుపోకుండా పడుంది.

"దాని జోలికి పోకండమ్మా. అది ఎక్కడో చేసింది. దారిలో చెడితే చేసినోడు దొరుకుతాడా? నాది లోకల్. చేసినోణ్ణి నేను ఎప్పుడూ మీ పక్కనే ఉంటాను. లోపలికెళ్ళి చూడండి, అచ్చం మీ ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది."

నూకాలు లోపలికెళ్ళి పైకీ కిందకీ చూసింది. పెదవి విరిచింది.

"మా ఇల్లులా లేదు నాయుడుగారూ. మా ఇంట్లో మంచం పక్కన కారుతుంది."

"కారదమ్మా! ఇది రేకు, పైన తారు కూడా పూశాను."

"అదే కదా చెబుతున్నాను. కారకపోతే మా ఇల్లెలా అవుతుంది?"

నాయుడు చాలాసేపు వాదించాడు. చివరికి బేరం చెడిపోతుందన్న భయంతో, సొంత చేతులతో పూసిన తారుకి దణ్ణం పెట్టి, డ్రిల్లింగ్ మిషన్‌తో కప్పుకి చిల్లు పెట్టాడు. అప్పుడు నూకాలు మొహం విప్పారింది.

"ఇక ఈ కిటికీ చూడండమ్మా. పొద్దున్నే లేచి ఇది తెరిస్తే చాలు, ఎదురుగా సముద్రం!"

నూకాలు గబుక్కున కిటికీ తెరిచింది. ఎదురుగా పాత టైర్ల గుట్ట.

"ఇక్కడ కాదమ్మా! ఒడ్డుకి తీసుకెళ్ళాక!"

"అలా చెప్పు. అయితే సముద్రాన్ని మొట్టమొదట ఇందులోంచే చూస్తాను. ఇంకెక్కణ్ణుంచీ చూడను" అని నూకాలు అక్కడికక్కడే ఒట్టేసుకుంది.

డబ్బు కట్టి, బండి ట్రాక్టరుకి తగిలించారు. నాయుడు టాటా చెప్పబోతే పైడయ్య చెయ్యి పట్టుకున్నాడు. "ఎక్కడికి? పక్కనే ఉంటానన్నావు కదేటి!"

"అదేదో మాటవరసకి..."

"మాటంటే మాటే. రాకపోతే బండి వద్దు."

అంతే, నాయుడు షెడ్డుకి తాళం వేసి వాళ్ళతో బయలుదేరాడు. ఎక్కబోతూ నాలిక్కరుచుకుని, "బండి లాగేటప్పుడు లోపల ఎవరూ కూర్చోకూడదు. ఆగినప్పుడల్లా చక్రాల కింద రాళ్ళు పెట్టాలి" అని రెండు జాగ్రత్తలు చెప్పాడు. ఎందుకు చెప్పానా అని దారంతా ఏడ్చాడు.

లోపల కూర్చోవద్దన్నాడని నూకాలు, అప్పలకొండ బండి వెనకాలే నడిచారు. నాయుడు ట్రాక్టరు మీద కూర్చుంటానంటే నూకాలు ఒప్పుకోలేదు. పక్కనే అన్నాక పక్కనే. బండి పక్కన, రేకు మీద చెయ్యేసి నడవాలి. పైడయ్య ఒక్కడే దర్జాగా ట్రాక్టరు తోలుతున్నాడు. గేదె అడ్డమొస్తే ఆగేవాడు. అప్పలకొండ పరిగెత్తుకొచ్చి రాళ్ళు పెట్టేవాడు. గేదె పోయాక పైడయ్య గేరు వేస్తే బండి కదిలేది కాదు. ట్రాక్టరు పొగ కక్కేది. వెనక బస్సులవాళ్ళు హారన్లతో తిట్టేవాళ్ళు.

"రాళ్ళు తియ్యండ్రా బాబూ!" అని నాయుడు అరిచేవాడు.

"పెట్టమన్నావు గానీ తియ్యమన్నావా? ఇప్పుడన్నావు కాబట్టి తీస్తాం" అనేవాడు అప్పలకొండ. మళ్ళీ గేదె. మళ్ళీ రాళ్ళు. మళ్ళీ అరవాల్సిందే, ఎందుకంటే ఇందాక అన్నది ఇందాకటి రాళ్ళ గురించి.

మధ్యాహ్నం ఓ తోట దగ్గర ఆగి నూకాలు అన్నం వండింది. కాళ్ళు పీకుతున్నా నాయుడికి కాస్త హుషారొచ్చి, "అన్నం ఆరుబయట పెట్టుకుంటే ఆ రుచే వేరమ్మా" అన్నాడు. ఇంకేముంది, అన్నం గిన్నె, పులుసు గిన్నె ఆరుబయట పెట్టి, మనుషులు నలుగురూ లోపల కూర్చున్నారు, దానికి రుచి వచ్చేదాకా. ఆ రుచి ఏదో ముందు కుక్కలకి తెలిసింది. అంతలో జడివాన కూడా పట్టుకుంది. చిల్లులోంచి నీళ్ళు సరిగ్గా నాయుడి నడినెత్తిన పడ్డాయి.

నూకాలు గిన్నె తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. కళ్ళు చెమర్చాయి ఆవిడకి. "అబ్బ, ఇప్పుడు అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉంది నాయుడుగారూ. లోకల్ లోకలే!"

పొద్దుగూకే వేళకి సముద్రపు హోరు వినిపించింది. నూకాలు కొంగు తీసి కళ్ళకి కట్టేసుకుంది. మరిది చెయ్యి పట్టుకుని, ఇసకలో తడబడుతూ, బండి ఎక్కి పడుకుంది. తెల్లారగానే గంతలు విప్పి, వెంట తెచ్చుకున్న ఉప్పు డబ్బాకి దణ్ణం పెట్టి, కిటికీ తెరిచింది.

ఎదురుగా సరుగుడు చెట్లు.

"ఉప్పు చెట్లకి కాస్తుందేటి మావా?" అంది నీరసంగా.

"సముద్రం ఇటువైపమ్మా, గుమ్మం వైపు! దిగి చూడండి, పది అడుగులు లేదు!" అన్నాడు నాయుడు.

"ఒట్టేసుకున్నాను. కిటికీలోంచే చూడాలి" అని నూకాలు మళ్ళీ కళ్ళకి కొంగు కట్టుకుని భోరుమంది. ఇన్నేళ్ళు ఎదురుచూసి, ఇంత దూరం నడిచొచ్చి, ఇప్పుడీ గతా! ఆ ఏడుపుకి పైడయ్య కూడా ఏడ్చాడు. వదిన ఎలా ఏడ్చిందో అలాగే అప్పలకొండా ఏడ్చాడు.

"ఏడవకండి! బండి తిప్పండి, సరిపోతుంది!" అన్నాడు నాయుడు.

పైడయ్య ట్రాక్టరెక్కి బండి తిప్పాడు. గుండ్రంగా, చక్కగా తిప్పి, మొదలెట్టిన చోటే తెచ్చి ఆపాడు. అంగుళం తేడా లేదు. అప్పలకొండ రాళ్ళు పెట్టాడు. నూకాలు ఆశగా కిటికీ తెరిచింది. సరుగుడు చెట్లు.

నాయుడికి ఒళ్ళు మండిపోయింది. "అయితే ఆ కిటికీ పీక్కుని పట్టుకుపొండి!" అని అరిచి ఇసకలో చతికిలబడ్డాడు.

అదేదో ముందే చెప్పొచ్చు కదా! అన్నదమ్ములిద్దరూ గునపం తెచ్చి, రేకుతో సహా కిటికీ పీకేశారు. నీటి అంచున చెరోవైపు పట్టుకుని నిలబడ్డారు. నూకాలు వచ్చి ఎదురుగా కూర్చుని, గంతలు విప్పి, రెక్క తెరిచింది.

సముద్రం! అల వెనకాల అల. ఆ చివర నుంచి ఈ చివర దాకా నీళ్ళే. నూకాలు రెండు చేతులూ జోడించి, "ఎంత ఉప్పు మావా!" అంది.

ఆ సంతోషంలో కూడా ఆవిడ తెలివి నిద్రపోలేదు. నాయుడు పీక్కోమనడమే కాదు, పట్టుకుపొమ్మని కూడా అన్నాడు కదా. సముద్రం ఉన్నది కిటికీలో. ఇక ఆ రేకుల డబ్బా దేనికి? అంతే, బండిని, నాయుణ్ణి అక్కడే వదిలేసి, కిటికీని చీరలో చుట్టుకుని ట్రాక్టరెక్కారు. "నువ్వు బండి పక్కనే ఉండు నాయుడూ!" అని పైడయ్య మరీమరీ చెప్పాడు.

రాత్రికి ఇల్లు చేరి, పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చీ రాగానే గోడకి కన్నం కొట్టి, ఉప్పు డబ్బా ఉండే చోటు పక్కన కిటికీ బిగించారు. ఆ గోడకి అవతల నడిల్లు. తాళం లేని ఇంట్లోకి ఎప్పుడు దూరిందో ఏమో, పక్కింటి గేదె నడింట్లో నిలబడి నెమరేస్తోంది.

తెల్లారగానే నూకాలు కిటికీ తెరిచింది. గేదె మొహం.

అప్పలకొండ గాభరా పడ్డాడు. "వదినా, సముద్రం ఏదే?"

నూకాలు తాపీగా నవ్వింది. ఇన్నాళ్ళకి తీరిన కోరిక కదా, కంగారెందుకు?

"తెలివితక్కువ వెధవా, నిన్న చూళ్ళేదూ అలలు వెనక్కెళ్ళడం? నీళ్ళు వెనక్కెళ్ళాయి, గేదె బయటపడింది. ఇంకాసేపట్లో వచ్చేస్తాయి."

ముగ్గురూ బట్టలు తడవకుండా మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుని కిటికీ ముందు కూర్చున్నారు.