చుక్కలమ్మ ఉల్లిమడి

భాద్రపదం ముసురు. వాన పడుతోందో ఆగిందో తెలియని రోజులు. పెరట్లో చుక్కలకోడి చుక్కలమ్మ, పగిలిన కుండలో పెంచిన ఉల్లినారు చుట్టూ ఒకటే తిరుగుతోంది. నారు జానెడు లేచింది. చూసినకొద్దీ దాని కాళ్లు నిలవడం లేదు.

"గౌరక్కా, రేపే నాటేస్తాను. పిల్లలకి ఉల్లికాడలంటే ప్రాణం," అంది.

పక్క పాకలో నెమరేస్తున్న గేదె గౌరక్క తల తిప్పింది. "ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నారు. మడి చూశావా? జావలా ఉంది. ఇప్పుడు నాటితే వేరు కుళ్లిపోతుందే! ముసురు విడవనీ, మన్ను పొడిపొడిగా రాలనీ, పొద్దున్నే కాస్త చలి తగలనీ. అప్పుడు నాటితే గడ్డ ఊరుతుంది."

"అమ్మో, అన్నాళ్లు నావల్ల కాదు!"

కంచె అవతల నక్క ఈ మాట విని గుటకేసింది. గౌరక్క చెరువుకి వెళ్లేదాకా ఆగి, కంచెలోంచి మూతి దూర్చింది.

"చుక్కలమ్మ చెల్లెమ్మా! గేదెకి తొందరంటే ఏం తెలుసు? రేపు తెల్లారగానే దివ్యమైన ముహూర్తం. ఆ వేళకి నాటావా, ఒక్కో గడ్డ గుమ్మడికాయంత!"

"నిజమా అన్నయ్యా?"

"ఆడపడుచుతో అబద్ధమాడతానా? పిల్లల్ని కూడా తీసుకురా. చంటిపిల్లల కాలు తగిలితే పైరుకి మంచిది."

చుక్కలమ్మ పొంగిపోయింది. తెల్లారింది. ఇంటికి కాపలా ఉండే కుక్క యజమాని వెంట పొలానికి వెళ్లిపోయింది. చుక్కలమ్మ పిల్లల్ని వెంటేసుకుని పెరట్లోకి వచ్చి మడిలో ఒక కాలు పెట్టింది. బుడుంగున తొడదాకా దిగబడింది. రెక్కలు కొట్టుకుంటూ ఎలాగో గట్టెక్కింది. 'నేనే ఇలా దిగితే నా పిల్లల గతేంటి?'

తలెత్తి చూస్తే, మడి అవతల ఆముదం మొక్కల వెనక ఒక తోక ఊగుతోంది. ముహూర్తం ఎవరి భోజనానికో అప్పుడర్థమైంది.

పిల్లల్ని చప్పుడు కాకుండా పాకలో ఉన్న గౌరక్క కాళ్ల దగ్గరికి తోలి, తను మడి ఇవతలి గట్టు మీద నిలబడి తియ్యగా పిలిచింది.

"అన్నయ్యా, వచ్చావా? ముహూర్తం పెట్టినవాడివి, మొదటి మొక్క నీ చేత్తోనే పడాలి. వేళ దాటిపోతోంది, త్వరగా రా!"

నక్క లెక్కేసుకుంది. చుట్టూ తిరిగి వెళితే కోడి ఎగిరిపోతుంది. మధ్యలో ఉన్నది ఒక్క మడే కదా! ఒక్క గెంతు గెంతింది.

మడి సగం కూడా దాటలేదు. థప్పుమని పడి పొట్టదాకా బురదలో కూరుకుపోయింది. ముందుకాళ్లు లాగితే వెనకకాళ్లు దిగాయి. వెనకకాళ్లు లాగితే మూతి దిగింది.

"చెల్లెమ్మా! లాగవే, చచ్చిపోతున్నాను!"

"తప్పు అన్నయ్యా! నాటిన మొక్కని వెంటనే పీకకూడదు. వేరు పట్టనీ!"

పిల్లలు కిచకిచా నవ్వాయి. గౌరక్క తాపీగా వచ్చి చూసింది. "ఇదేం రకం ఉల్లే చుక్కలూ? దీనికి కాడ బదులు తోకొచ్చింది!"

ఇంతలో వీధి చివర కుక్క మొరిగింది. ఆ మొరుగుకి నక్కకి ఎక్కడలేని బలమూ వచ్చింది. బొచ్చు కుచ్చులు కుచ్చులుగా బురదకి వదిలేసి, కంచె మీద నుంచి పడుతూ లేస్తూ పారిపోయింది. మళ్లీ ఆ ఊరి పొలిమేర తొక్కలేదు.

ముసురు విడిచింది. ఆశ్వయుజం చివర్లో ఆకుల మీద మంచు మెరిసింది. చుక్కలమ్మ కాలితో గీకితే మన్ను పొడిపొడిగా రాలింది.

"గౌరక్కా, ఇప్పుడా?"

"ఇప్పుడేనే!"

గౌరక్క కొమ్ముతో సాళ్లు గీసింది. పిల్లలు తలా ఒక మొక్కని ముక్కున కరుచుకొచ్చి వరసలో నిలబెట్టాయి. సంక్రాంతి కూడా రాకముందే ఉల్లికాడలు ఏపుగా లేచాయి. కోడిపిల్లలు వాటి మధ్య దాగుడుమూతలాడుకునేవి. పిలిచి పిలిచి చుక్కలమ్మ గొంతు పోయేది.

నీతి: నాటే వేళ ఎప్పుడో నేలనడగాలి గానీ, కంచె పక్కన నోరూరుతున్నవాణ్ణి అడక్కూడదు.